అమ్ముడుపోని ఇల్లు: ఒక వందేళ్ళ కథ

ఇల్లు కొనడం గురించి మన సాఫ్టువేరు వాళ్ళు మాట్లాడుకున్నంతగా ఇంకెవరూ మాట్లాడుకోరేమో. ఎక్కడ కొన్నాం, గజం ఎంత పడింది, వడ్డీ ఎంత, ఇప్పుడు ఎంత పలుకుతోంది... లంచ్ టేబుల్ దగ్గర ఈ గోల లేని రోజు ఉండదు. అమ్మడం గురించి మాత్రం ఎవరూ పెద్దగా నోరు విప్పరు. అమ్మకానికి పెట్టి ఆరు నెలలైనా ఎవరూ రాకపోతే అదేదో ఒంట్లో జబ్బును దాచుకున్నట్టు గుట్టుగా ఉంచుకుంటారు.

గుట్టు కాస్త బయటపడిందా, ఇక సలహాలే సలహాలు. గోడలకి రంగులు వేయించు. ఈశాన్యంలో బరువుంది, తీయించు. బ్రోకర్ని మార్చు. అమెరికాలో అయితే ఇంకో రకం: కిచెన్ కౌంటర్ మీద సామానంతా ఎత్తిపెట్టు, తాలింపు వాసన రాకుండా చూసుకో, కొనేవాళ్ళు వచ్చే ముందు ఓవెన్లో కుకీలు పెట్టు. అక్కడివాళ్ళకి కూడా వాస్తులాంటిది ఒకటుంది లెండి. ఇల్లు అమ్ముడుపోకపోతే సెయింట్ జోసెఫ్ బొమ్మని పెరట్లో తలకిందులుగా పాతిపెడతారు. అమ్ముడయ్యాక తవ్వి తీసి కొత్తింట్లో గౌరవంగా పెట్టుకోవాలట. ఆ బొమ్మ, చేయవలసిన పద్ధతి రాసిన కాగితం కలిపి కిట్టుగా కూడా అమ్ముతారు. ఇల్లు అమ్ముడైనా కాకపోయినా ఆ కిట్టు మాత్రం బాగానే అమ్ముడవుతుంది!

మరి నిజంగా పనిచేసేది ఏది? ఇది అభిప్రాయాలతో తేలేది కాదు, చరిత్రలో వెతకాల్సిందే. ఇల్లు అమ్మడాన్ని ఒక పెద్ద పరిశ్రమగా మార్చి, వందేళ్ళుగా రకరకాల ప్రయోగాలు చేసి, వాటి రికార్డులు కూడా దాచుకున్న దేశం అమెరికా. మనవాళ్ళు వేలకి వేలు ఇళ్ళు కొని అమ్ముతున్న దేశం కూడా అదే. అందుకని ఈ కథంతా అక్కడే నడుస్తుంది.

ముందు ఆర్భాటంతో మొదలుపెడదాం. లాస్ ఏంజెలెస్ కొండ మీద తెల్లటి అక్షరాల్లో కనిపించే ఆ "హాలీవుడ్" బోర్డు సినిమా వాళ్ళు పెట్టుకున్నది కాదు. 1923లో రియల్ ఎస్టేట్ వాళ్ళు పెట్టారు. అప్పుడు దాని మీద "హాలీవుడ్‌లాండ్" అని ఉండేది. కొండవాలులో వేసిన వెంచరు పేరు అది. ఇంగ్లీషులో 13 అక్షరాలు, సుమారు 4,000 బల్బులు, రాత్రిళ్ళు వెలుగుతూ ఆరుతూ ఉండేవి. ఏడాదిన్నర ఉంచి తీసేద్దామనుకున్నారు. తియ్యలేదు. మధ్యలో ఆర్థికమాంద్యం వచ్చింది, బోర్డును పట్టించుకునేవాడు లేకపోయాడు. 1949లో చివరి నాలుగు అక్షరాలూ పీకేసి మిగతావాటికి మరమ్మత్తు చేశారు. 1978లో మొత్తం కొత్తగా కట్టారు. అంటే ప్రపంచంలో అతి ప్రసిద్ధమైన బోర్డుల్లో ఒకటి నిజానికి ఒక ప్లాట్ల ప్రకటన తాలూకు అవశేషం. మన హైవేల పక్కన కనిపించే వెంచర్ల ఆర్చీలకి తాతగారన్నమాట.

అదే సమయంలో దేశానికి ఇంకో మూల, ఫ్లోరిడాలో, ఇంకా పెద్ద తిరునాళ్ళ నడుస్తోంది. మయామీ బీచ్‌ని వృద్ధి చేసిన కార్ల్ ఫిషర్ ఒక ఏనుగుని తెప్పించి ప్రచారానికి తిప్పాడు. కాబోయే ప్రెసిడెంట్ హార్డింగ్ 1921లో అక్కడ గోల్ఫ్ ఆడుతుంటే బ్యాగు మోసింది కూడా ఆ ఏనుగే. ఫొటోలు దేశమంతా పత్రికల్లో వచ్చాయి. పక్కనే కోరల్ గేబుల్స్ అనే ఊరిని కట్టిన జార్జ్ మెరిక్ ఇంకో మెట్టు పైకెళ్ళి, మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్‌ని జీతానికి పెట్టుకున్నాడు. ఆయన పని ఈతకొలను పక్కన నిలబడి ఫ్లోరిడా గొప్పదనం గురించి ఉపన్యాసాలివ్వడం. ఆడియో ఫంక్షన్‌కి హీరోని పిలిచినట్టే.

జనం వచ్చారా? విరగబడి వచ్చారు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. వచ్చినవాళ్ళలో చాలామంది ఉండటానికి కొనలేదు. పది శాతం అడ్వాన్సు కట్టి, ఆ కాగితాన్నే ఇంకొకడికి లాభానికి అమ్మేవాళ్ళు. వాడు మరొకడికి. ఒక్కో కాగితం ఒకే రోజులో నాలుగు చేతులు మారేది. మన దగ్గర రిజిస్ట్రేషన్ కాకుండానే అగ్రిమెంటు మీద అగ్రిమెంటు తిరుగుతుందే, అచ్చం అదే. 1925 చివరికి రైల్వేలు సరుకు మొయ్యలేక చేతులెత్తేశాయి. 1926 జనవరిలో ఒక పెద్ద ఓడ మయామీ రేవులో పక్కకి ఒరిగిపోయి దారి మూసేసింది. సెప్టెంబరులో పెనుతుఫాను వచ్చింది. కానీ తుఫానుకి ముందే కొత్త కొనుగోలుదారులు తగ్గిపోయారు. తరవాతివాడు దొరకడన్న అనుమానం వచ్చిన రోజునే ఆట అయిపోయింది. ఏనుగు మనుషుల్ని రప్పించగలిగింది, కొనేవాళ్ళని తయారుచెయ్యలేకపోయింది.

నా దృష్టిలో అసలైన కథ 1930లలో మొదలవుతుంది.

అప్పటిదాకా అమెరికాలో ఇంటిలోను అంటే మనకి తెలిసిన లోను కాదు. ఇంటి ధరలో సగందాకా చేతిలోంచి పెట్టుకోవాలి. మిగతా సగానికి మూడేళ్ళకో ఐదేళ్ళకో అప్పు. చాలా లోన్లలో వడ్డీ మాత్రమే కడుతూ పోయి, గడువు చివర్లో అసలు మొత్తం ఒకేసారి కట్టాలి. కట్టలేకపోతే మళ్ళీ లోను తిరగరాయించుకోవాలి. రోజులు బాగున్నప్పుడు ఇబ్బంది లేదు. 1929 తరవాత బ్యాంకులే మూతపడుతుంటే తిరగరాసేదెవరు? 1933 నాటికి రోజుకి సుమారు వెయ్యి ఇళ్ళు జప్తు అవుతున్నాయి. అప్పుడు వీధికి రెండు మూడు ఇళ్ళ ముందు "అమ్మబడును" బోర్డు. కొనాలన్నవాడికి డబ్బు లేదు, డబ్బున్నవాడికి ధైర్యం లేదు. ఈ పరిస్థితిలో గోడలకి ఏ రంగేస్తే ఏం లాభం?

1933 జూన్‌లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అని ఒక సంస్థ పెట్టింది. బ్యాంకుల దగ్గరున్న మొండి అప్పుల్ని ఇది కొనేసి, ఇంటివాళ్ళకి 15 ఏళ్ళ గడువుతో, 5 శాతం వడ్డీతో కొత్త లోను ఇచ్చేది. నెలనెలా వడ్డీతో పాటు అసలు కూడా కొంత కొంత తీరిపోతుంది. మూడేళ్ళలో పది లక్షల పైచిలుకు లోన్లు, సుమారు 300 కోట్ల డాలర్లు. ఈ మాట చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. తక్కువమంది చెప్పుకునేది తరవాతి భాగం. అంత ఉదారంగా ఇచ్చినా ప్రతి ఐదుగురిలో ఒకరు కట్టలేకపోయారు. సుమారు రెండు లక్షల ఇళ్ళు ఆ సంస్థ నెత్తిన పడ్డాయి. చూశారా, దేశంలో అమ్ముడుపోని ఇళ్ళన్నిటికీ అతి పెద్ద ఓనరు ఇప్పుడు ప్రభుత్వమే!

వాళ్ళేం చేశారన్నది మనం నేర్చుకోవాల్సిన పాఠం. అన్నిటినీ ఒకేసారి వేలం వెయ్యలేదు. అలా చేస్తే వీధిలో మిగతా ఇళ్ళ ధరలు కూడా పడిపోయి, ఇంకొన్ని లోన్లు మునిగిపోతాయని వాళ్ళకి తెలుసు. ముందు కప్పులూ గోడలూ బాగుచేయించారు. అమ్మేదాకా ఖాళీగా పెట్టకుండా అద్దెకిచ్చారు. స్థానిక బ్రోకర్లకి కమిషనిచ్చి వాళ్ళ ద్వారానే అమ్మించారు. అన్నిటికన్నా ముఖ్యం, కొనేవాడికి కొద్దిపాటి అడ్వాన్సు మీద తామే లోనిచ్చారు. ఏళ్ళ తరబడి మెల్లగా, మార్కెట్ అరిగించుకోగలిగినంత మేరకే అమ్ముకుంటూ వచ్చారు. 1951లో దుకాణం కట్టేసేటప్పటికి వాళ్ళ పుస్తకాల ప్రకారం కాస్త మిగులే తేలింది. ఏనుగుల్లేవు, ఉపన్యాసాల్లేవు. మరమ్మత్తు, ఓపిక, అప్పు. అంతే.

1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇదే ఆలోచనని దేశమంతటికీ విస్తరించింది. తను అప్పివ్వదు, బ్యాంకిచ్చే అప్పుకి బీమా చేస్తుంది. దాంతో బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతందాకా, 20 ఏళ్ళ గడువుతో ఇవ్వడం మొదలుపెట్టాయి. లెక్క వేసి చూద్దాం. ఒక ఇల్లు 5,000 డాలర్లనుకోండి. పాత పద్ధతిలో ముందు 2,500 పెట్టాలి, ఐదేళ్ళ తరవాత ఇంకో 2,500 ఒక్కసారిగా తేవాలి. కొత్త పద్ధతిలో ముందు 1,000 చాలు, మిగతా 4,000కి 5 శాతం వడ్డీ చొప్పున 20 ఏళ్ళపాటు నెలకి 26 డాలర్ల చిల్లర. ఇంటి ధర ఒక్క డాలరు తగ్గలేదు. కానీ నిన్నటిదాకా కొనలేనివాడు ఇవాళ కొనగలుగుతున్నాడు. మన భాషలో చెప్పాలంటే ఫ్రంటెండ్ ముట్టుకోకుండా బ్యాకెండ్ మార్చారు. ఇల్లు అమ్మడం కోసం మనిషి కనిపెట్టిన ఉపాయాలన్నిటిలోకీ గొప్పది నెలవాయిదానే అని నా అభిప్రాయం. దాని కింద మనమెంత నలుగుతున్నామన్నది వేరే సంగతి.

అయితే ఈ గొప్ప ఉపాయానికి ఒక చీకటి కోణం ఉంది. అప్పు దొరికితే ఎవరైనా కొనగలరు సరే, అసలు ఎవరిని కొననిస్తారు?

బీమా చేసేటప్పుడు ఆ సంస్థ పాటించిన నియమాల పుస్తకంలో, నల్లవాళ్ళు పక్కన చేరితే ఆ పేటలో ఇళ్ళ విలువ పడిపోతుందన్న నమ్మకం నియమంగా చేరిపోయింది. ఆస్తి దస్తావేజుల్లో "ఫలానా జాతివాళ్ళకి అమ్మరాదు" అన్న షరతు ఉంటే మంచిదని కూడా అది సూచించేది. యుద్ధం తరవాత 1947లో న్యూయార్క్ పక్కన లెవిట్ కంపెనీ వాళ్ళు కట్టిన లెవిట్‌టౌన్ దీనికి పెద్ద ఉదాహరణ. ఫ్యాక్టరీలో కార్లు చేసినట్టు ఇళ్ళు కట్టారు, నాలుగేళ్ళలో 17,000 పైచిలుకు. 1949లో ఇల్లు 7,990 డాలర్లు. మాజీ సైనికులైతే అడ్వాన్సు కూడా అక్కర్లేదు. వంటింట్లో వాషింగ్ మెషీను ఉచితం, 1950 మోడల్లో మెట్ల కింద టీవీ కూడా బిగించి ఇచ్చారు. కొనడానికి జనం క్యూలు కట్టారు. కానీ తొలినాళ్ళ ఒప్పందాల్లో తెల్లజాతి కానివాళ్ళు అందులో ఉండకూడదని స్పష్టంగా రాసుంది. అదే యుద్ధంలో పోరాడొచ్చిన నల్లజాతి సైనికుడికి కూడా ఆ క్యూలో చోటు లేదు.

ఇది నల్లవాళ్ళ సమస్య, మనకేంటి అనుకునేవాళ్ళకి ఒక తారీఖు గుర్తుచేస్తాను. కొండ మీద ఆ బల్బుల బోర్డు వెలిగిన 1923లోనే, భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వ చట్టం ప్రకారం "తెల్లవాళ్ళు" కారు, కాబట్టి పౌరులు కాలేరు అని తీర్పిచ్చింది. అంతకు కొన్నేళ్ళ ముందే, 1915లో పెషావర్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వచ్చిన వైష్ణో దాస్ బాగాయ్ కుటుంబం బర్కిలీలో ఇల్లు కొనుక్కుంది. సామాను బండి వేసుకుని వెళ్ళేసరికి చుట్టుపక్కలవాళ్ళు ఆ ఇంటికి తాళాలు వేసి లోపలికి పోనివ్వలేదు. డబ్బు ఇచ్చారు, ఇల్లు కొన్నారు, గడప మాత్రం దాటలేకపోయారు. 1923 తీర్పు తరవాత ఆయనకి ఉన్న పౌరసత్వం కూడా లాగేసుకున్నారు. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ కుటుంబాన్ని రానివ్వని ఊరే వందేళ్ళ తరవాత ఒక వీధికి ఆయన భార్య కళా బాగాయ్ పేరు పెట్టుకుంది.

ఇవాళ ఫ్రీమాంట్‌లోనో ఫ్రిస్కోలోనో "మంచి స్కూల్ డిస్ట్రిక్ట్" చూసుకుని మనం ధీమాగా ఇల్లు కొంటున్నామంటే, దాని వెనక 1948లో అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదన్న షెల్లీ వర్సెస్ క్రేమర్ తీర్పుంది, 1965 ఇమిగ్రేషన్ చట్టముంది, 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టముంది. ఆ చట్టాల కోసం రోడ్డెక్కి దెబ్బలు తిన్నవాళ్ళు ఎక్కువగా నల్లవాళ్ళే. 1957లో పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లో మొట్టమొదట ఇల్లు కొన్న నల్లజాతి దంపతులు బిల్, డెయిజీ మయర్స్ ఇంటి ముందు రోజుల తరబడి గుంపులు చేరి రాళ్ళు రువ్వాయి. వాళ్ళు కదల్లేదు. ఆ రాళ్ళు వాళ్ళు కాచుకున్నారు కాబట్టే మన గుమ్మాలకి తోరణాలు కట్టుకోగలిగాం.

అమ్మేవాడి వైపు నుంచి చూసినా ఇదో తెలివితక్కువ పని. నూరుమంది కొనగలిగినచోట పదిమందికే గేటు తెరిస్తే ధర వస్తుందా? ఆ మూసిన గేటునే వ్యాపారంగా మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. షికాగోలాంటి ఊళ్ళలో దళారులు తెల్లవాళ్ళ పేటలోకెళ్ళి "నల్లవాళ్ళు వచ్చేస్తున్నారు, మీ ఇల్లు ఇక అమ్ముడుపోదు" అని భయపెట్టి చవగ్గా కొనేవాళ్ళు. బ్యాంకు లోను దొరకని నల్లవాళ్ళకి అదే ఇంటిని చాలా ఎక్కువ ధరకి వాయిదాల మీద అమ్మేవాళ్ళు. ఒక్క వాయిదా తప్పితే ఇల్లు వెనక్కి. పుకారుతో ఒకవైపూ, నిస్సహాయతతో ఇంకోవైపూ డబ్బు చేసుకున్నారు.

ఇప్పుడు మన వృత్తికి దగ్గరగా ఉండే ఊరికి వద్దాం. సియాటిల్. ఇవాళ మైక్రోసాఫ్ట్, అమెజాన్‌ల పుణ్యమా అని తెలుగు బాగా వినిపించే ఊరు. 1960లలో అది బోయింగ్ ఊరు. 1967లో అక్కడ బోయింగ్‌లో లక్షమంది దాకా పనిచేసేవారు. 1971 ఏప్రిల్‌కి 39 వేల లోపుకి పడిపోయారు. ఇంజినీర్లు ఇళ్ళ తాళాలు బ్యాంకులకిచ్చి వెళ్ళిపోతున్నారు. అప్పుడే విమానాశ్రయం దగ్గర ఒక పెద్ద బోర్డు వెలిసింది: సియాటిల్ వదిలి వెళ్ళే ఆఖరి మనిషి దయచేసి లైట్లు ఆర్పి వెళ్ళగలరు అని. అది ఎవరో నిరుద్యోగి పెట్టింది కాదు, ఇద్దరు రియల్ ఎస్టేట్ ఏజెంట్లు పెట్టింది! జనం మరీ దిగులుపడిపోతున్నారని, కాస్త నవ్వుకోవాలని పెట్టామన్నారు. హాలీవుడ్ బోర్డుకి, ఈ బోర్డుకి మధ్య 48 ఏళ్ళు. ఒకటి కొనండి బాబూ అని పిలిచింది, ఇంకొకటి కొనేవాడే లేడని ఒప్పుకుంది.

తమాషా ఏమిటంటే, మరుసటేడు 1972లో అదే సియాటిల్ ప్రాంతంలో బార్బ్ ష్వార్జ్ అనే ఏజెంటు "హోమ్ స్టేజింగ్" అనే పద్ధతి మొదలుపెట్టింది. ఆమె అంతకుముందు నాటకాల అనుభవం ఉన్న మనిషి. ఇంటిని రంగస్థలంలాగా అలంకరించి చూపించాలి, అమ్మేవాళ్ళ ఫొటోలు, బొమ్మలు, చెత్తాచెదారం తీసేసి కొనేవాడు తనని తాను అందులో ఊహించుకునేలా చెయ్యాలి, ఇదీ ఆమె సూత్రం. ఇవాళ అదొక పరిశ్రమ. దాన్ని నేను కొట్టిపారెయ్యను. ఒకే వీధిలో ఒకే ధరకి రెండు ఇళ్ళుంటే శుభ్రంగా ఉన్నదే ముందు పోతుంది. కానీ 1971లో సియాటిల్‌లో ఉన్న ఇళ్ళన్నిటినీ స్టేజింగ్ చేసినా అన్నీ అమ్ముడయ్యేవి కావు. అలంకారం మన ఇంటిని పక్కింటికన్నా ముందు నిలబెడుతుందేగానీ, కొనేవాళ్ళ సంఖ్యని పెంచదు.

ధర తగ్గిస్తే చాలా మరి? దానికీ హద్దుంది. 1970లలో బాల్టిమోర్ నగరం పాడుబడిన ఇళ్ళని ఒక్క డాలరుకి అమ్మింది. ఊరికే ఇచ్చేసి ఊరుకోలేదు. నిర్ణీత గడువులో బాగుచేసి అందులోనే కాపురముండాలని షరతు పెట్టి, మరమ్మత్తులకి తక్కువ వడ్డీకి అప్పు కూడా ఏర్పాటు చేసింది. ఆటర్‌బైన్ అనే పేటలో వందపైగా ఇళ్ళకి లాటరీ తియ్యాల్సొచ్చింది. పక్కపక్కనే బోలెడుమంది ఒకేసారి బాగుచేసుకోవడం వల్ల పేటకి పేటే లేచింది. ఈ మధ్య ఇటలీ పల్లెల్లో ఒక్క యూరోకి ఇల్లు అన్న వార్తలు చూసే ఉంటారు. అక్కడా అంతే, ఇంటి ధర ఒక యూరో, బాగుచేసే ఖర్చు వేలకి వేలు. ధర ఎంత తగ్గినా ఆ తరవాతి ఖర్చుకి దారి చూపించకపోతే, ఒక్క డాలరు కూడా ఎక్కువే.

ఇక అమ్మేవాడి బుర్రలో ఉన్న అడ్డంకి. 1990లలో బోస్టన్ డౌన్‌టౌన్ ఫ్లాట్ల అమ్మకాలని డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2001లో ఒక పేపరు ప్రచురించారు. కొన్న ధర కన్నా తక్కువకి అమ్మాల్సొచ్చే ఓనర్లు, మార్కెట్ ఎంత చెప్పినా వినకుండా, ఆ తేడాలో 25 నుంచి 35 శాతం కలిపి ఎక్కువ చెబుతారట. చివరికి ఆ తేడాలో 3 నుంచి 18 శాతం దాకా ఎక్కువ రాబడతారు కూడా. కానీ ఇల్లు చాలా ఎక్కువకాలం మార్కెట్లో ఉండిపోతుంది. అంటే రెండు లక్షల డాలర్లకి కొన్నది ఇప్పుడు లక్షా అరవై వేలే చేస్తుంటే, ఓనరు పది నుంచి పధ్నాలుగు వేలు ఎక్కువ చెబుతాడు, ఆఖరికి దక్కేది 1,200 నుంచి 7,200. ఈలోపు నెలనెలా కట్టిన వడ్డీ, టాక్సు, మెయింటెనెన్సు ఎవరు లెక్కేస్తారు? నువ్వెంతకి కొన్నావన్నది కొనేవాడికి అనవసరం. మనకి మాత్రం అదొక్కటే అవసరం. గొడవంతా ఇక్కడే.

బ్రోకరు చెబుతాడు కదా అంటారా? షికాగో ప్రాంతంలో సుమారు లక్ష ఇళ్ళ అమ్మకాల మీద స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు అది సుమారు 9.5 రోజులు ఎక్కువ మార్కెట్లో ఉంచి, 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకుంటున్నారని తేలింది. మన ఇంటికి ఇంకో పదివేలు ఎక్కువొస్తే వాడి వాటా కొన్ని వందలు. దానికోసం ఇంకో పదిరోజులు ఎందుకు తిరుగుతాడు? వాణ్ణి తిట్టనక్కర్లేదు, వాడి లెక్క వాడిది. మన లెక్క మనం వేసుకోవాలి.

2008 నాటికి ఈ పాత పాఠాలన్నీ ఒకేసారి తిరిగొచ్చాయి. జీతం కాగితాలు కూడా చూడకుండా ఇచ్చిన లోన్లు కుప్పకూలాయి. 2006 నుంచి 2012 లోపు దేశం మొత్తం మీద ధరలు పావు వంతుకి పైగా పడ్డాయి, లాస్ వేగస్‌లో సగానికి పైనే. ఒక దశలో లోనున్న ప్రతి నాలుగిళ్ళలో సుమారు ఒకటి, దాని మీదున్న అప్పుకన్నా తక్కువ చేసేది. శాన్ డియాగో దగ్గర ఒక బిల్డరు పెద్ద ఇల్లు కొంటే చిన్న ఇల్లు ఉచితం అని ప్రకటించాడు, ఆషాఢం సేల్‌లో చీరల్లాగా! ప్రభుత్వం 2009లో మొదటిసారి కొనేవాళ్ళకి 8,000 డాలర్ల పన్ను రాయితీ ఇచ్చింది. అమ్మకాలు పెరిగాయి. ఒప్పందాలకి 2010 ఏప్రిల్ ఆఖరు గడువు. అది దాటాక జులైలో పాత ఇళ్ళ అమ్మకాలు ఒక్క నెలలో 27 శాతం పడ్డాయి. రేపు కొనేవాణ్ణి ఇవాళ కొనిపించారు, అంతే. మనవాళ్ళు కూడా చాలామంది ఆ రోజుల్లో చిక్కుకుపోయారు. ఇంకో ఊళ్ళో ఉద్యోగం దొరికినా ఇల్లు అమ్ముడుపోక, భార్యాపిల్లలు ఒకచోట, తను ఒకచోట అపార్ట్‌మెంట్లో రూమ్మేట్లతో గడిపినవాళ్ళున్నారు.

"ఆగినవాళ్ళు బాగుపడ్డారు కదా" అని అడగొచ్చు. నిజమే, 2009 నుంచి 2014 దాకా హైదరాబాదులో మార్కెట్ స్తబ్దుగా ఉన్నప్పుడు అమ్మకుండా పట్టుకున్నవాళ్ళు ఆ తరవాత లాభపడ్డారు. కానీ ఆగడమనేది ఆగగలిగినవాడికే. ఆ సంస్థ రెండు లక్షల ఇళ్ళని ఏళ్ళ తరబడి మెల్లగా అమ్మగలిగిందంటే వెనక ప్రభుత్వ ఖజానా ఉంది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, 2017 నాటి నిబంధన ప్రకారం ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. వాడికి 1933 పాఠం పనికిరాదు, బోస్టన్ పాఠమే పనికొస్తుంది. కొన్న ధర మర్చిపోయి, ఇవాళ్టి ధర చూసుకుని బయటపడటం. ఇల్లు కొనేముందే "రెండు నెలల్లో అమ్మాల్సొస్తే దీన్ని ఎంతమంది కొనగలరు" అని ఒక్కసారి అడుక్కుంటే, సెయింట్ జోసెఫ్‌ని తలకిందులు చెయ్యాల్సిన పని ఉండదు.

మొత్తమ్మీద వందేళ్ళ కథలో నాకు కనిపించింది ఇదీ. ఆర్భాటం చూసేవాళ్ళని తెస్తుంది. అలంకారం పక్కింటిని దాటిస్తుంది. ధర బేరానికి కూర్చోబెడుతుంది. కొనేవాడి చేతిలో డబ్బు ఆడే ఏర్పాటు ఉంటేనే రిజిస్ట్రేషన్ దాకా వెళుతుంది. వీటన్నిటికన్నా ముందు, గేటు తెరిచి ఉండాలి.

ఆ చివరి మాట మనకి కూడా. బర్కిలీలో బాగాయ్ కుటుంబానికి తాళం వేసినవాళ్ళని తలుచుకుంటే మనకి ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. కానీ మన ఊళ్ళలో "వెజిటేరియన్స్ ఓన్లీ" అని బోర్డు పెట్టి, ఫోన్లో ఇంటిపేరు అడిగి, "మీరేవిటోళ్ళు?" అని ఆరా తీసి, ఫలానావాళ్ళయితే ఇల్లు అప్పుడే ఇచ్చేశామని చెప్పే ఓనర్లు మనకి తెలియనివాళ్ళేం కారు. వాళ్ళలో అమెరికాలో ఇల్లున్నవాళ్ళూ ఉంటారు. అక్కడ మన కోసం ఎవరో రాళ్ళదెబ్బలు తిని తెరిపించిన గేటు గుండా వెళ్ళి, ఇక్కడ మన గేటుకి తాళం వెయ్యడం ఏం న్యాయం? న్యాయం సంగతి అలా ఉంచినా, అది వ్యాపారం కూడా కాదు. ఆరు నెలల నుంచి ఇల్లు ఖాళీగా ఉందని వాపోయేవాళ్ళు ఈశాన్యం మూల కన్నా ముందు ఆ తాళం సంగతి చూసుకుంటే మంచిది.